వెర్నా అడిగింది

మూడో చరణం పాడుతుండగా బ్రయొనీ స్పైట్‌కు ఎక్కడో ఏదో తేడా వినిపించింది. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. అయినా వెనకనుంచి వచ్చే వంత గొంతు వెంట్రుకవాసి ఆలస్యమవుతోంది. ఎప్పుడూ తన గొంతును ఒరుసుకుంటూ నడిచే ఆ గొంతు ఇవాళ రోడ్డుకు అవతలి పక్కన నడుస్తున్నట్టుంది.

అది రిహార్సలే. అసలు కార్యక్రమం సాయంత్రం ఆరున్నరకి, దేశంలో సగం మంది టీకప్పులతో టీవీల ముందు కూర్చునే వేళకి. బ్రయొనీ పాట ఆపకుండానే వెనక్కి తిరిగి చూసింది. ఎడమ పక్కన, నాలుగడుగుల వెనక, వెర్నా లిబర్డ్ ఉండవలసిన చోట వెండి రంగు గౌన్లు వేసుకున్న ఇద్దరు సన్నటి అమ్మాయిలు నిలబడి మైకుల్లోకి పెదవులు కదుపుతున్నారు. ఆ మైకుల తీగలు ఎక్కడికీ పోవడం లేదు. చుట్ట చుట్టి వాళ్ళ కాళ్ళ దగ్గరే పెట్టి ఉన్నాయి.

బ్రయొనీ చెయ్యెత్తింది. డ్రమ్స్ ఆగాయి.

"వెర్నా ఏది?"

చేతిలో అట్ట, చెవిలో ఇయర్‌ఫోన్‌తో తిరుగుతున్న ఫ్లోర్ మేనేజర్ పిల్ల పరుగున వచ్చింది. ఇరవై అయిదేళ్ళు కూడా ఉండవు. "వెనకున్నారండీ. అక్కడైతే సౌండ్ శుభ్రంగా వస్తుందని పెట్టాం. ఫ్రేములో కూడా కాస్త... కుదరలేదు. డైరెక్టర్ గారు పైనుంచి చూసి చెప్పారు."

"కుదరకపోవడమేంటి?"

ఆ పిల్ల అట్టకేసి చూసింది, అక్కడేమైనా జవాబు రాసి ఉందేమోనన్నట్టు.

బ్రయొనీ నీలం తెర పక్కకు తోసి వెనక్కి వెళ్ళింది. తెరకీ గోడకీ మధ్య సందు మూడడుగులకు మించదు. ఆ సందులో ఒక పాత కార్పెట్ ముక్క, దాని మీద చెప్పులు విడిచి మేజోళ్ళతో నిలబడిన వెర్నా. పాడేటప్పుడు నేల కాళ్ళకు తెలియాలంటుంది ఆమె. ముందు కాగితాల స్టాండు, దానికి తగిలించిన బుల్లి దీపం. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, నిండైన విగ్రహం. నల్లటి బట్టల్లో ఆ సందంతా ఆమే నిండిపోయి ఉంది. ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసుకుని ఊదుకుంటోంది.

"నిన్నిక్కడికి ఎవరు రమ్మన్నారు?"

"నేలమీద నా పేరుతో టేపు అంటించి ఉంది. వచ్చి నిలబడ్డా."

"నేను కనబడుతున్నానా నీకు?"

"తెర కనబడుతోంది. మంచి రంగు." వెర్నా ఒక గుక్క తాగింది. పన్నెండేళ్ళుగా ఆమె బ్రయొనీ భుజాలు చూసే ఊపిరి తీసుకుంటోంది. ఆ భుజాలు ఎప్పుడు లేస్తాయో బ్రయొనీకి తెలియకముందే ఆమెకు తెలుస్తుంది. "పరవాలేదులే, చెవితో పట్టుకుంటా. ఇంకొక్కసారి వాయించమను, సర్దుకుంటా."

"ఇది అన్యాయం వెర్నా."

"అన్యాయమే. నలభై నిమిషాల్లో ప్రోగ్రాం. నీ కంటి కింద రంగు చెదిరింది, పోయి దిద్దించుకో."

బ్రయొనీ తిరిగి వచ్చి పాడింది. ఈసారి వంత గొంతు దాదాపుగా తన పక్కకు వచ్చేసింది. దాదాపుగానే.

ఆరున్నరకి దీపాలు వెలిగాయి. పాలలాంటి తెల్లటి వెలుగు. అందులోకి అడుగుపెట్టినప్పుడల్లా బ్రయొనీకి ఒంటి బరువు పోయినట్టు, నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో తేలుతున్నట్టు ఉంటుంది. పాట పేరు 'రెండో బస్సు'. తను పెరిగిన ఊరు బాట్లీలో మంచు కమ్మిన ఒక పొద్దున్న మిల్లుకు పోయే బస్సు తప్పిపోయి, వస్తుందో రాదో తెలియని రెండో బస్సు కోసం నిలబడిన ఆడవాళ్ళ పాట. పాడుతుంటే ఆ మంచు స్టూడియోలోకి వచ్చి కెమెరాల కాళ్ళ చుట్టూ పాకుతున్నట్టనిపించింది. ఆ మంచులోంచి, ఎవరిదో తెలియకుండా, వెర్నా గొంతు తేనెరంగు దీపంలా వస్తోంది. వెండి గౌన్ల అమ్మాయిలు అందంగా నోళ్ళు తెరిచి మూస్తున్నారు.

పాట అయిపోయింది. చప్పట్ల మధ్య కార్యక్రమం నడిపే ఆయన నవ్వుతూ దగ్గరికొచ్చి, "ఐదో ఆల్బమ్! ఈసారి ఎవరితో గొడవ పెట్టుకోబోతున్నావు బ్రయొనీ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వరు? అవార్డుల సభలో ముందు వరసలో కూర్చున్న మంత్రిని నిలబెట్టి అడిగిన పిల్ల. ఆడపిల్లల మీద చేతులు వేసే రికార్డు కంపెనీ పెద్దమనిషి పేరు రేడియోలో చెప్పేసిన పిల్ల. నీ నోటికి బ్రేకుల్లేవు తల్లీ అని ఆమె మేనేజర్ గారెత్ అనని రోజు లేదు.

"ఎక్కడికో పోనక్కర్లేదు, ఇక్కడే ఉంది గొడవ," అంది బ్రయొనీ. అని, చకచకా వెనక్కి నడిచి నీలం తెర పట్టుకుని ఒక్క లాగు లాగింది.

తెర కొక్కేలు గలగలమన్నాయి. వెర్నా దొరికిపోయింది. అవును, ఆ క్షణంలో ఆమె దొరికిపోయినట్టే కనిపించింది. ఒక చేతిలో ఫ్లాస్కు మూత, ఒక కాలు ఇంకా చెప్పులోకి దూర్చుతూ, కళ్ళలో పడ్డ వెలుగుకు రెండో చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని.

"మీరు ఇందాకటినుంచీ విన్న గొంతు ఈవిడది. పేరు వెర్నా లిబర్డ్. ఈ దేశంలో ఇంతకంటే మంచి గొంతు లేదు. లావుగా ఉందని, ముసలిదైపోయిందని వీళ్ళు ఈవిణ్ని తెర వెనక దాచి, పాటరాని పిల్లల్ని మీకు చూపించారు. సిగ్గుండాలి!"

 జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు ఆగలేదు. వెండి గౌన్ల అమ్మాయిల్లో ఒకతె ఏడుపు మొదలుపెట్టింది. వెర్నా నుదుటిమీది చెయ్యి తియ్యలేదు.

బయటికొచ్చేసరికి బ్రయొనీ సంతోషంతో పొంగిపోతోంది. వెర్నా కోసం వెతికింది. అప్పటికే టాక్సీలో స్టేషన్‌కు వెళ్ళిపోయిందని గేటు దగ్గర మనిషి చెప్పాడు.

శనివారమంతా ఫోను మోగుతూనే ఉంది. గారెత్ పొద్దున ఎనిమిదింటికే, "చూశావా? తెర లాగిన వీడియో ముక్క, ఎక్కడ చూసినా అదే! ఆల్బమ్ పైకి పోతోంది. ఇంత మంచి పని ప్లాను వేసి చేసినా జరగదు," అన్నాడు.

"ప్లాను కాదు."

"కాదనే చెబుతున్నా! నీలో ఉన్న అందమే అది."

వెర్నాకు ఆమె నాలుగుసార్లు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. సర్దుకోలేక ఉక్కిరిబిక్కిరి అవుతోందేమో, అందరూ ఆవిడకే చేస్తుంటారు కదా అనుకుంది. కిటికీ బయట సన్నగా మంచు మొదలైంది. పడుతోందో లేస్తోందో తెలియనట్టు ఆ తునకలు గాలిలో తిరుగుతున్నాయి. ఫోన్లో ఆ ముక్క మళ్ళీ చూసింది. తనను తాను చూసుకుంది. తెర లాగిన చెయ్యి ఎంత ధీమాగా ఉంది! పదోసారి చూసినప్పుడు మాత్రం చూపు తనమీద నిలవలేదు. చెప్పులోకి సగం దూరిన ఆ కాలి మీదికి పోయింది.

ఆదివారం మధ్యాహ్నం కారు తీసుకుని లీడ్స్‌లో చాపెల్‌టౌన్‌కు వెళ్ళింది. పన్నెండేళ్ళలో వెర్నాను ఇంటి ముందు దింపింది ఎన్నో సార్లు, లోపలికి వెళ్ళింది లేదు. ఎర్ర ఇటుకల ఇళ్ళ వరసలో ఆకుపచ్చ తలుపు. వెర్నాయే తీసింది. చర్చికి వేసుకున్న ఊదారంగు బట్టలమీద వంటింటి ఆప్రన్ కట్టుకుని ఉంది. తల మీద టోపీ ఇంకా తియ్యలేదు.

"రా," అంది. అంతే.

వంటింట్లో కొబ్బరిపాలలో అన్నం, గింజలు ఉడుకుతున్న వాసన. పొయ్యికి దగ్గరగా కుర్చీలో ఎనభై ఎనిమిదేళ్ళ ముసలామె, మోకాళ్ళమీద దుప్పటి, చెవి పక్కన చిన్న రేడియో. వెర్నా తల్లి ఎర్మైన్. కరీబియన్ సముద్రంలోని నెవిస్ దీవినుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లగా ఓడెక్కి వచ్చిన మనిషి. ఆమె కళ్ళకు ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప ఏమీ ఆనవు.

"ఎవరే అది?" అంది ఎర్మైన్.

"బ్రయొనీ అమ్మా."

"ఎక్కువ మాట్లాడే పిల్లేనా?"

"ఆ పిల్లే."

"కూచోమను. అన్నం తింటదేమో అడుగు."

బ్రయొనీ బల్ల దగ్గర కూర్చుంది. వెర్నా ఆమెకు వీపు పెట్టి గిన్నె మూత తీసి, గరిటెతో అన్నం కింద నుంచి పైకి తిప్పి, మళ్ళీ మూత పెట్టింది. మంట తగ్గించింది. ఆ పని ఎంత నిదానంగా చేసిందంటే బ్రయొనీ మాట్లాడక తప్పలేదు.

"ఫోను ఎత్తడం లేదేం?"

"ఎత్తి ఏం మాట్లాడాలి?"

"కోపం వచ్చిందా నా మీద?"

వెర్నా వెనక్కి తిరిగింది. "క్రిస్మస్‌కి ఆ చానెల్లోనే కోరస్ పని ఉండె నాకు. నేను, మా చర్చి వాళ్ళు పన్నెండుమంది. నిన్న ఉత్తరం పెట్టారు. చాలా మర్యాదగా రాశారు. ఈ పరిస్థితుల్లో మమ్మల్ని ఇబ్బంది పెట్టడం వాళ్ళకి ఇష్టం లేదట, అందుకని రావద్దట."

"చూశావా! ఎంత నీచులో చూశావా! ఇది కూడా నేను రేపు రేడియోలో..."

"కూచో."

తను లేచి నిలబడ్డానని బ్రయొనీ అప్పుడే గమనించింది. కూర్చుంది.

"అది పోతే పోయింది. ఆ పని ఇంకోటొస్తుంది," అంది వెర్నా. "ఇవాళ చర్చిలో ఏమైందో చెప్తా విను. ముప్ఫై ఏళ్ళుగా నేను లోపలికి వస్తుంటే అందరూ గొంతులు సర్దుకుంటారు. ఎందుకంటే నేను శ్రుతి ఇస్తా, వాళ్ళు లేచి పాడతారు. ఇవాళ నేను రాగానే సిస్టర్ క్లాక్స్‌టన్ ఎదురొచ్చి నా చెయ్యి నిమిరింది. పాపం వెర్నా, అంది. పాపం! నన్ను! నా దగ్గర పాట నేర్చుకున్న మనిషి."

"వాళ్ళు నిన్ను దాచారు వెర్నా. ఎవరో ఒకరు చెప్పాలి కదా? లావనీ ముసలిదనీ చెప్పి ఒక మనిషిని..."

"వాళ్ళు అనలేదు."

"ఏంటి?"

"ఆ మాటలు వాళ్ళు అనలేదు. ఫ్రేములో కుదరలేదు అన్నారు. అబద్ధమే, నాకు తెలీదా? నలభై ఏళ్ళుగా వింటున్నా ఆ అబద్ధం. కానీ లావు, ముసలి, ఆ రెండు మాటలూ దేశమంతా వినేట్టు అన్నది వాళ్ళు కాదు. నువ్వు."

గిన్నెమీద మూత ఆవిరికి టకటకా కొట్టుకుంది.   

"చెప్పులు కూడా లేవు నా కాళ్ళకి," అంది వెర్నా. గొంతు ఏమీ పెంచలేదు. "తెర లాగబోతున్నానని ఒక్క మాట చెబితే చెప్పులైనా వేసుకునేదాన్ని కదే."

"నేను నీ కోసమే చేశా."

"తెలుసు. అందుకే ఇంత కోపం. నాకోసం కాకపోతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని."

మూలనుంచి ఎర్మైన్, "రేడియోలో అది పాడుతుంటే నేను అరవై గొంతుల్లో కూడా దాని గొంతు ఏరుతా," అంది, ఎవరితోనూ కాకుండా. "ఇప్పుడు అందరూ వచ్చి అది ఎలా కనబడిందో నాకు చెప్తున్నారు. నేనేం చేసుకోను దాన్ని?"

బ్రయొనీ రెండు చేతులూ బల్లమీద ఆనించింది.  "రేపు పొద్దున రేడియోకి పోతున్నా. క్షమాపణ చెబుతా. అందరి ముందూ చెబుతా."

"అదే వద్దంటున్నా. నువ్వు క్షమాపణ చెబితే ఆ బొమ్మ మళ్ళీ వేస్తారు. మళ్ళీ నేను నుదుటికి చెయ్యి పెట్టుకుని నిలబడాలి." వెర్నా కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. టోపీ తీసి బల్లమీద పెట్టింది. "పన్నెండేళ్ళలో నిన్ను నేనేమైనా అడిగానా?"

"లేదు."

"ఇప్పుడు అడుగుతా. దాని గురించి ఇంక మాట్లాడకు. మంచిగానూ కాదు, చెడ్డగానూ కాదు. పత్రికలవాళ్ళు అడిగినా, నీ గారెత్ అడిగినా. నేను వద్దన్నానని కూడా చెప్పకు."

"నేను నోరు మూసుకుంటే నన్ను కొనేశారనుకుంటారు వెర్నా."

"అనుకుంటారు."

"ఇన్నేళ్ళుగా నేను... జనం నన్ను నమ్మేది అదొక్కందుకే."

"తెలుసు."

"నేను పిరికిదాన్నని అనుకున్నా నీకు ఫరవాలేదా?"

 వెర్నా ముఖంలో కోపం లేదిప్పుడు. అలసట ఉంది, కొంచెం జాలి కూడా ఉంది. "ఫరవా ఉంది. నువ్వు పిరికిదానివి కాదు, నాకు తెలుసు. కానీ అది నీ బరువు. నువ్వు మొయ్యి. నాది నేను మోస్తున్నా కదా."

"గురువారం వస్తావా? ఇక్కడే, లీడ్స్‌లో కచేరీ."

"గురువారం సంగతి గురువారం. తిని పో."

ఆమె తిన్నది.  ఎర్మైన్ రేడియో చప్పుడు కొద్దిగా పెంచింది.

సోమవారం పొద్దున సాల్‌ఫర్డ్‌లో రేడియో గదిలో మైకు ముందు కూర్చున్నప్పుడు బ్రయొనీకి మూడు వాక్యాలు నాలుక చివర ఉన్నాయి. దారిలో వద్దనుకుంటూనే అల్లుకున్న వాక్యాలు. చాలా మంచివి. ఒక దాంట్లో చమత్కారం కూడా ఉంది.

పొద్దుటి కార్యక్రమం నడిపే ఆయన ముందు పాట గురించి అడిగాడు, బాట్లీ గురించి అడిగాడు. తర్వాత ముందుకు వంగాడు. "ఇక అసలు సంగతి. శుక్రవారం సాయంత్రం. తెర వెనక ఇంకా ఏం జరిగింది? ఆ చానెల్ వాళ్ళు నీకు ఫోన్ చేశారా? చెప్పు, దేశం వింటోంది."

అద్దం అవతల గారెత్ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"దాని గురించి నేను మాట్లాడను," అంది బ్రయొనీ.

ఆయన నవ్వాడు, హాస్యమనుకుని. "నువ్వా? బ్రయొనీ స్పైట్ మాట్లాడదా?"

"మాట్లాడను."

"లాయర్లు వద్దన్నారా?"

"లేదు."

"మరెవరు ఆపారు నిన్ను?"

ఆమె జవాబు చెప్పలేదు. గది గోడమీద గడియారంలో ఎర్రముల్లు కదులుతోంది. ఒకటి. రెండు. రేడియోలో నిశ్శబ్దం ఎంత భయంకరమో అప్పుడు తెలిసింది. నోరు తెరిస్తే చాలు, ఆ మూడు వాక్యాలూ వాటంతటవే నడిచి వస్తాయి. మూడు. ఎక్కడో వంటిళ్ళలో, లారీల్లో, మంగలి షాపుల్లో జనం రేడియో చెడిపోయిందేమోనని అటు తిరిగి చూస్తుంటారు. నాలుగు. ఆ ఖాళీలో ఆమెకు తన ఊపిరి వినిపించింది, లోపలికి పోయి బయటికొస్తూ, తనది కానట్టు, ఎవరో పక్కన పడుకున్నట్టు.

"పాట పెట్టండి," అంది.

బయటికొచ్చాక గారెత్ ఆమె వెంట మెట్లన్నీ దిగాడు. "ఏమైంది నీకు? ఒంట్లో బాలేదా? నాతో చెప్పు, ఎవరైనా బెదిరించారా?"

"లేదు."

"మరి?"

"ఏం లేదు గారెత్."

"పదేళ్ళుగా నీ నోరు మూయించాలని చూస్తున్నా. నోరు తెరవాల్సిన ఒక్క రోజున నువ్వే మూసుకున్నావు!" అన్నాడు, నిజంగా బాధపడుతూ.

మధ్యాహ్నానికి అంతా అనవలసినవి అనేశారు. నోరు మూయించారు. అమ్ముడుపోయింది. ఇన్నాళ్ళూ నాటకమేనన్నమాట. ఆమె ఫోను కట్టేసి లీడ్స్ రైలెక్కింది.

కొండలమీద మంచు. సొరంగంలోకి పోయినప్పుడు కిటికీలో తన ముఖం, బయటికొచ్చినప్పుడు తెల్లటి శూన్యం. గొర్రెలు, రాతిగోడలు, ఒంటరి ఇళ్ళు, అన్నీ తడిసిన కాగితంమీద గీసినట్టు అలుక్కుపోయి ఉన్నాయి. రైలు నడుస్తోందా, తనే కిటికీలోంచి పారిపోతోందా అన్నట్టుంది. టికెట్లు చూసే ఆమె వచ్చి పక్కన నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. చొక్కామీద హేజల్ అని పేరు బిళ్ళ.

టికెట్ తీసుకుంది, చూసింది, తిరిగి ఇవ్వలేదు.

"నువ్వు ఆ పిల్లవే కదూ?"

"అవును."

"మా అమ్మ హాస్పిటల్ వంటింట్లో ముప్ఫై ఏళ్ళు చేసింది. ఎవరైనా పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారంటే ఆమెను సరుకుల గదిలోకి పొమ్మనేవాళ్ళు. పళ్ళు లేవని. శుక్రవారం నువ్వు ఆ తెర లాగితే మా అమ్మ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. లేవడమే కష్టం ఆమెకి." హేజల్ కిటికీలోంచి బయటికి చూసింది. "పొద్దున రేడియో పెట్టింది, నువ్వొస్తావని. విన్నది. ఏమీ అనలేదు. కట్టేసింది."

బ్రయొనీ సీట్లో ముందుకు జరిగింది. చెప్పవచ్చు. ఇక్కడ పత్రికలవాళ్ళు లేరు, మైకు లేదు. ఈ ఒక్క మనిషికి చెబితే ఎవరికి తెలుస్తుంది?

"మీ అమ్మగారికి..." అని మొదలుపెట్టింది.

హేజల్ ఎదురుచూసింది.

"మీ అమ్మగారి పేరేంటి?"

"ఎడ్నా."

"ఎడ్నాగారికి నా నమస్కారం చెప్పండి."

హేజల్ ఆమెను చూసిన చూపు తిట్టినట్టు కూడా లేదు. ఇంతేనన్నమాట అన్నట్టుంది. టికెట్‌కు రంధ్రం కొట్టి ఇచ్చి తర్వాతి సీటుకు వెళ్ళిపోయింది. బ్రయొనీ లీడ్స్ వచ్చేదాకా ఆ రంధ్రంలో చిటికెనవేలి గోరు దూర్చి తిప్పుతూ కూర్చుంది.

మంగళవారం, బుధవారం ఎవరితోనూ మాట్లాడలేదు. బాట్లీలో తల్లి ఇంట్లో తను పెరిగిన గదిలో పడుకుంది. తల్లి టీ తెచ్చి పెట్టి, ఖాళీ కప్పు తీసుకుపోయింది. ఏమీ అడగలేదు. రెండో రోజు తెల్లవారుజామున సగం నిద్రలో ఒక వరస వచ్చింది. ఆమెకు ఎప్పుడూ మాటలే ముందొచ్చేవి, మాటల వెనక రాగం పరిగెత్తుకొచ్చేది. ఈసారి రాగమొక్కటే వచ్చింది. మాటలు పెడదామని చూస్తే ఏదీ అతకలేదు. మంచులో ఎవరో దూరంగా నడిచిపోతున్నట్టు అది మెల్లగా పోతూ, పోకుండా ఉంది. లేచి రాసుకోలేదు. అలాగే పడుకుని వింది. తెల్లారేసరికి దిండు తడిగా ఉంది, ఎందుకో ఆమెకు తెలియలేదు.

గురువారం మధ్యాహ్నం లీడ్స్‌లో కచేరీ హాలు. ఖాళీ కుర్చీలు వరసలు వరసలుగా. స్టేజీమీద వైర్లు పరుస్తున్నారు. గిటారు శ్రుతి చేసుకుంటున్నారు. గారెత్ ఒక కొత్తమ్మాయిని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. పాపం మంచి పిల్ల, కాగితాలు చూసి లోలోపలే పాడుకుంటోంది.

"ఇంకెంతసేపు చూస్తాం?" అన్నాడు గారెత్. "రాదులే. నువ్వలా నోరు మూసుకున్నాక ఆవిడకు మాత్రం మనసు విరగదా? ఆవిడ కోసం నిలబడి, మూడో రోజుకే వదిలేశావు."

బ్రయొనీ అతని కేసి చూసింది. అతనూ అలాగే అనుకుంటున్నాడు. అనుకోనీ. "ఇంకో పావుగంట," అంది.

పావుగంటకు పది నిమిషాలు ఎక్కువే అయింది. పక్క తలుపు తోసుకుని వెర్నా వచ్చింది. కోటు మీద మంచు కరిగి చుక్కలుగా కారుతోంది. ఎవరినీ పలకరించకుండా కోటు విప్పి కుర్చీకి తగిలించింది, మెడకు చుట్టుకున్న మఫ్లర్ తీసి మడతపెట్టింది. కొత్తమ్మాయి చేతిలోని కాగితాలు చూసి, "ఇది పాత కాపీ, రెండో పేజీ మారింది," అని తన సంచిలోది తీసి ఇచ్చింది. "ఉండిపో. పైస్వరం నువ్వు పాడు. నాకు మోకాళ్ళ నొప్పులు, అంత ఎత్తుకు ఎక్కలేను."

తర్వాత బ్రయొనీ దగ్గరికి వచ్చింది.

"అదే శ్రుతా?"

"అర మెట్టు కిందికి దింపుదాం. గొంతు పట్టేసింది."

"మాట్లాడి మాట్లాడి గొంతు పట్టేసిన వాళ్ళను చూశా. మాట్లాడక పట్టేసిన దానివి నువ్వొక్కదానివే."

బ్రయొనీకి నవ్వు వచ్చింది. నవ్వుతోపాటు ఇంకేదో కూడా వచ్చి, తల పక్కకు తిప్పుకుంది.

వెర్నా గొంతు తగ్గించింది. "మా అమ్మ విన్నది సోమవారం. నువ్వు మాట్లాడకుండా ఉన్నావే, అది. రేడియో చెడిపోయిందేమో చూడమని నన్ను పిలిచింది. చెడిపోలేదమ్మా, ఆ పిల్ల ఊరుకుందంతే అన్నా. 'విరామాన్ని ఎంతసేపు పట్టి నిలిపిందే!' అంది. ఆమె చర్చిలో ఆర్గన్ వాయించిన మనిషి, తెలుసుగా. పాట ఎవరైనా పాడతారు, విరామం పట్టేవాళ్ళు ఉండరని మా ప్రాణాలు తీసేది."

"నన్ను చాలామంది తిడుతున్నారు వెర్నా."

"తెలుసు. చదువుతున్నా రోజూ." ఆమె చెయ్యి ఒక్క క్షణం బ్రయొనీ మోచేతిమీద ఆగింది. "బరువుగా ఉందా?"

"ఉంది."

"ఊఁ," అంది వెర్నా. అని, వెళ్ళి తన మైకు స్టాండు పట్టుకుంది. ఎడమ పక్కన, డ్రమ్స్‌కు దగ్గరగా, నీడలో ఉంది అది. దాన్ని నేలమీద బరబరా ఈడ్చుకుంటూ స్టేజీ మధ్యకు కాస్త ఇవతలగా, వెలుగు మొదలయ్యే చోటికి తెచ్చింది. ఎత్తు సరిచూసింది. ఒక అడుగు ముందుకు వేసి, నచ్చక, మళ్ళీ సగం అడుగు వెనక్కి జరిపింది. చెప్పులు విడిచి పక్కన జతగా పెట్టింది.

కిందనుంచి గారెత్ అరిచాడు. "వెర్నా, అక్కడైతే లైటు సూటిగా నీ మీదే పడుతుంది మరి!"

"పడనీ," అంది వెర్నా.

బ్రయొనీ ఏదో అనబోయింది. పెదవులు విడివడ్డాయి కూడా. వెర్నా ఆమె కేసి చూడలేదు, మైకు స్క్రూ బిగిస్తోంది. డ్రమ్మర్ కర్రలెత్తి నాలుగు లెక్క పెట్టాడు.